వాగు తేటపడిన రోజు

జూన్ 3

అమ్మడూ,

మీ అత్తయ్యా నేనూ బాగానే ఉన్నాం. బాగానే అంటే, మోకాలి నొప్పి ఆవిడని తింటోంది, ఆవిడ నన్ను తింటోంది. నువ్వుండే కొండమీద ఫోను పట్టదు కాబట్టి ఈ ఉత్తరం సున్నం లారీ డ్రైవర్ చేతికిస్తున్నాను. మీ గుట్టల దగ్గరికి సరుకు తెచ్చినప్పుడు నీకిస్తానన్నాడు. మనిషి మంచివాడే గానీ టీ ఇప్పిస్తేగానీ కదలడు.

సూటిగా విషయానికొస్తాను. పాడుబడ్డ రాగి గనిని బాగుచెయ్యడానికి నిన్ను ఇన్‌చార్జిగా వేశారని తెలిసినప్పుడు నేను ఊరంతా తిరిగి చెప్పుకున్నాను. మా అక్క కూతురు వస్తోంది, ఇంక మన వాగుకి మంచి రోజులే అని. ఇప్పుడు బయటికెళ్ళడానికి మొహం చెల్లట్లేదు. కంపెనీవాళ్ళు గనిని వదిలేసి పారిపోయి ఇన్నేళ్ళయినా ఆ వాగు అద్దంలా ఉండేది. అడుగున గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు. మీవాళ్ళు వంతెన పక్కన సున్నం షెడ్డు వేసి, గుంట తవ్వి, పని మొదలుపెట్టారో లేదో, నీళ్ళు తుప్పు రంగుకి తిరిగాయి.

మీ అత్తయ్య ఇత్తడి గిన్నెలు ఆ వాగులో ముంచి తీస్తే చాలు, పులుపు పెట్టి తోమకుండానే తళతళలాడేవి. ఇప్పుడు మడ్డి అంటుకుంటోందని నన్ను సాధిస్తోంది, అక్కడికి ఆ గని నేనే తవ్వినట్టు. టీ కొట్టు దగ్గర నిన్న ఒకడు, మీ మేనకోడలు వాగుకి రంగులు వేస్తోందా అని అడిగాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను, ఏం చెయ్యను.

నీళ్ళ సప్లైలో సర్వీసంతా వాల్వులు తిప్పినవాణ్ణి. ఈ ఊరికి ఒక్క పూట మురికి నీళ్ళు వదిలి ఎరగను. ఆఖరికి నా ఇంటిమనిషి వల్లే ఈ మాట పడాలా చెప్పు? చేసేదేదో కాస్త చూసుకుని చెయ్యి. వేళకి తిను.

నీ మామయ్య

జూన్ 9

మామయ్యా,

నీ ఉత్తరం చదివి ఒళ్ళు మండిపోయింది. చల్లారాక రాద్దామని ఆగాను. చల్లారలేదు, అయినా రాస్తున్నాను.

ముందు అత్తయ్యకి చెప్పు, ఆ వాగు నీళ్ళు ముట్టుకోవద్దని. గిన్నెలు ఎందుకు తళతళలాడాయనుకున్నావు? యాసిడ్ తోమింది. గని లోపల మైళ్ళ కొద్దీ సొరంగాలున్నాయి. వాన నీళ్ళు అందులోకి దిగుతాయి. అక్కడి రాయిలో గంధకం ఉంది, గాలీ నీళ్ళూ తగిలితే అది యాసిడ్ అవుతుంది. ఆ యాసిడ్ రాగినీ ఇనుమునీ కరిగించుకుని కొండ దిగి మీ వంతెన కిందికొస్తుంది. ఉప్పు కరిగాక నీళ్ళలో కనబడుతుందా? ఇదీ అంతే. నువ్వు అద్దంలా ఉందని మురిసిపోయింది విషాన్ని చూసి. ఆ వాగులో ఒక్క చేపని చూశావా ఎప్పుడైనా? పోనీ ఒక్క కప్పని?

మేం సున్నం కలుపుతుంటే ఆ కరిగినదంతా విరిగి, తుప్పులా బయటపడుతోంది. అదే నువ్వు చూస్తున్న రంగు. అది గుంటలో అడుగుకి దిగితే, పైన తేరిన నీళ్ళు వాగులోకి పోవాలి. ఒక్క గుంట చాలదు, రెండోది కావాలి అని నేను మొదటి రోజు నుంచీ మొత్తుకుంటున్నాను. మంజూరు చేశారు. తవ్వే యంత్రం మాత్రం ఎక్కడో రోడ్డు పనిలో ఇరుక్కుంది, రేపు వస్తుంది, ఎల్లుండి వస్తుంది. అంతవరకు కొంత మడ్డి వాగులోకి పోతుంది. చూడ్డానికి అసహ్యం, నిజమే. కానీ కరిగి ఉన్న రాగి కన్నా కంటికి కనబడే తుప్పు ఎన్నో రెట్లు నయం.

పైన నా పరిస్థితి ఇంకా అందంగా ఉంది. కంపెనీ పోసిపోయిన రాళ్ళ గుట్టల్లోకి వాన దిగకుండా సున్నం కలిపి, మంచి మట్టి కప్పి, గడ్డి వేశాం. మొలక వచ్చిందో లేదో మేకలొచ్చి మేసిపోయాయి. కంచె కావాలని రాస్తే, మేకలు మేసినట్టు ఫోటో పంపమంది ఆఫీసు. పంపాను. ఫోటోలో మేకలున్నాయి సరే, అవి తింటున్న గడ్డి మనదేనా అని అడిగారు.

టీ కొట్టువాళ్ళకి ఇదంతా చదివి వినిపించు.

నీ అమ్మడు

జూన్ 16

ఏమే ఇంజనీరమ్మా,

పాఠం బాగుంది. నీ ఉత్తరం మీ అత్తయ్యకి చదివి వినిపించాను. ఇన్నాళ్ళు యాసిడ్‌తో తోమితే గిన్నెలకి చిల్లులు పడవా అని లేచి వెళ్ళి ఒక్కొక్కటీ దీపానికి అడ్డంపెట్టి చూసింది. చిల్లులు లేవు. కాబట్టి నువ్వు చెప్పింది అబద్ధమని తీర్పు ఇచ్చేసి పడుకుంది.

నేను అలా అనను. నువ్వు చదువుకున్నదానివి. కానీ తేట నీళ్ళు చెడ్డవి, మురికి నీళ్ళు మంచివి అని నేను పోయి టీ కొట్టులో చెబితే నన్ను ఏ ఆస్పత్రిలో చేర్పిస్తారో ఆలోచించావా? ఈ ఊళ్ళో కుళాయి విప్పితే జనం ముందు చూసేది రంగు. సర్వీసంతా నా మర్యాద నిలిపింది ఆ రంగే. నా చేతి కింద పెరిగినదానివి, నాకే నీళ్ళ గురించి చెప్తున్నావు. బాగా చెప్తున్నావు, కాదనను, కానీ కాస్త నొచ్చుకున్నాను.

మీ సున్నం షెడ్డు ఆపరేటర్ ఎవరో తెలుసా? సప్లైలో నా కింద హెల్పరుగా చేసినవాడే. అప్పట్లో పానా అడిగితే సుత్తి తెచ్చేవాడు, ఇప్పుడు ఆపరేటర్ అయ్యాడు. షెడ్డులో కూర్చోబెట్టి మర్యాద చేశాడు. గని నీళ్ళ పైపు ఎటునుంచి వస్తుందో, సున్నం ఎక్కడ కలుస్తుందో, ఏదన్నా పాడైతే నీళ్ళు నేరుగా వాగులోకి పోయే పక్క లైను ఎక్కడుందో అన్నీ చూపించాడు. పని శుభ్రంగా ఉంది. నీ గురించి గొప్పగా చెప్పాడు, మేడమ్‌కి కోపం ఎక్కువ అని కూడా చెప్పాడు. అది మా అక్క పోలిక అన్నాను.

మీ పెద్దాఫీసరు తనిఖీకి వస్తాడట కదా. ఎప్పుడో రాయి.

మామయ్య

జూన్ 24

మామయ్యా,

నొచ్చుకోకు. ఇక్కడ నాకు తిట్టుకోవడానికి మనుషులు లేక నిన్ను తిడుతున్నాను.

అవును, తనిఖీ ఉంది. జూలై ఆరున. నా ఉద్యోగంలో ఇంత ముఖ్యమైన రోజు ఇంకోటి లేదు. ఈ సున్నం షెడ్డు పెట్టింది కొన్ని నెలల పరీక్షగానే. పెద్దాఫీసరు వచ్చి వంతెన కింద శాంపిల్ తీసుకెళ్తాడు. అందులో కరిగిన రాగి తక్కువ ఉంటే షెడ్డు శాశ్వతంగా ఉంటుంది, రెండో గుంటా వస్తుంది. ఎక్కువ ఉంటే షెడ్డుకి తాళం. ఇంత ఖర్చు పెట్టి లాభం లేదని రాసేసి, గనికి పాత గేటు మళ్ళీ తగిలించి పోతారు. వాళ్ళకి కావలసిందీ అదే అని నాకు అనుమానం. తర్వాత ఇంకో యాభై ఏళ్ళు ఆ విషం అలా దిగుతూనే ఉంటుంది, అడిగే దిక్కుండదు.

గెలుస్తామనే అనుకుంటున్నాను. వారం వారం నేను చూసుకుంటున్న లెక్క బాగుంది. వాళ్ళు నీళ్ళని వడగట్టి చూస్తారు కాబట్టి మడ్డితో పేచీ లేదు. కానీ నిజం చెప్పాలంటే, ఆ ఒక్క రోజైనా వాగు కాస్త తేటగా కనబడితే నా ప్రాణం హాయిగా ఉంటుంది. ఊరి నోళ్ళూ మూతపడతాయి. నిన్ను చూసి నవ్వినవాళ్ళ నోళ్ళు ముందు. ఏం లాభం, యంత్రం ఇంకా రాలేదు.

ఆఫీసరు ముందు పైకొచ్చి గుట్టలు చూస్తానన్నాడు, ఆ తర్వాత ఇద్దరం కలిసి వంతెనకి దిగుతాం. వీలైతే ఇంటికి వస్తాను. అత్తయ్య మోకాలికి కాపడం మానెయ్యొద్దని చెప్పు.

నీ అమ్మడు

జూలై 8

బంగారుతల్లీ,

పండింది! మీ పెద్దాఫీసరు పైకి రాకుండానే వెళ్ళిపోయాడట కదా, నువ్వు గని దగ్గర పొద్దంతా నిలబడ్డావని డ్రైవర్ చెప్పాడు. అయ్యో అనుకున్నాను. కానీ నువ్వు బెంగ పెట్టుకోకు, కింద నేనున్నాను.

కారు సరాసరి వంతెన దగ్గర ఆగింది. ఆఫీసరు సీసాలు పట్టుకుని దిగి, వాగు చూసి, ఇక్కడ నీళ్ళు ఎర్రగా ఉన్నాయని ఫిర్యాదులొచ్చాయే అన్నాడు. ఎక్కడండీ ఎరుపు అన్నాను నేను. నీళ్ళు కన్నీళ్ళంత తేటగా ఉన్నాయి! సీసా ఎత్తి వెలుతురులో చూసి తల ఊపాడు. నువ్వేమో రంగు చూడరని రాశావు. ఏ ఆఫీసరైనా ముందు సీసా ఎత్తి చూస్తాడే పిచ్చిదానా, నా సర్వీసులో చూడనివాడు ఒక్కడూ లేడు.

ఎలా అంటావా? నీ ఉత్తరంలో ఆ ఒక్క ముక్క చదివాక నాకు నిద్ర పడితే ఒట్టు. పిల్ల నోరు తెరిచి అడగలేక అలా రాసింది అనుకున్నాను. సప్లైలో మాకో పద్ధతి ఉండేది. పెద్దాఫీసరు వచ్చే ముందు మడ్డి పట్టిన తొట్టి కట్టేసి, పక్క లైనులోంచి నీళ్ళు వదిలేవాళ్ళం. దాన్ని మొహం కడగడం అనేవాళ్ళం. అందరూ చేసేదే, పైవాళ్ళకీ తెలుసు. అంచేత ముందురోజు సాయంత్రం షెడ్డుకి వెళ్ళి, మన హెల్పరు వెధవని టీకి పంపి, గుంట కట్టేసి పక్క లైను నా చేత్తోనే తెరిచాను. వాల్వు కాస్త బిగుసుకుంది గానీ చెయ్యి మరిచిపోలేదు. తెల్లారేసరికి వాగు పాత వాగే. ఆఫీసరు వెళ్ళాక మళ్ళీ మామూలుగా పెట్టేశాను.

టీ కొట్టులో ఇవాళ నా డబ్బులు తీసుకోలేదు. నీ పుణ్యమే.

నీ మామయ్య

జూలై 21

కొంప ముంచావు మామయ్యా.

రిపోర్టు వచ్చింది. శాంపిల్లో రాగి, గని నోట్లో ఎంత ఉందో అంతే ఉంది. ఎందుకుండదు? ఆయన సీసాలో పట్టుకెళ్ళింది గని నీళ్ళే. సున్నం తగలని నీళ్ళు, గుంట చూడని నీళ్ళు. నువ్వు నీ చేత్తో తెరిచి, విషాన్ని సరాసరి సీసాలో పోయించావు.

సున్నం వేసినా వెయ్యకపోయినా తేడా లేదని రాశారు. షెడ్డుకి తాళం వేశారు. గుట్టల పని మాత్రం ఉంచారు. నేను ఇన్ని నెలలుగా వారం వారం చూసుకున్న లెక్కలు చూపిస్తే, ఆ లెక్కలు మీరు రాసుకున్నవే కదా అన్నారు. మళ్ళీ శాంపిల్ తీయండి అని అడిగితే, ఏ కారణం చేత అని అడిగారు. ఏం చెప్పను? మా మామయ్య నా మీద ప్రేమతో వాల్వు తిప్పాడని చెప్పనా?

నేను అడగలేదు. నోరు తెరిచీ అడగలేదు, తెరవకా అడగలేదు. అలసిపోయి ఒక మాట రాశాను. దాని ముందు పేజీలన్నీ వదిలేసి నీకు ఆ ఒక్క మాటే కనబడిందా? మడ్డితో పేచీ లేదని పక్కనే రాశాను కదా.

ఇంక నాకు ఉత్తరాలు రాయకు. డ్రైవర్‌కీ చెప్పాను, నువ్విస్తే తీసుకోవద్దని.

జూలై 30

అమ్మడూ,

డ్రైవర్ తీసుకోనన్నాడు. టీకి లొంగలేదు. టిఫిన్ పెట్టించాను. తిట్టాలనిపిస్తే వాణ్ణి కాదు, నన్ను తిట్టు.

నీ పాత ఉత్తరాలు తీసి మళ్ళీ చదివాను, ఈసారి అన్ని ముక్కలూ. తర్వాత వాగు వెంట పైదాకా నడిచాను. ఎక్కడా కప్ప లేదు. మన సప్లై చెరువు దగ్గర వాటి గోలకి నైట్ డ్యూటీలో చెవుల్లో దూది పెట్టుకునేవాణ్ణి. ఈ వాగు పక్కన ఇన్నేళ్ళు నడిచాను, ఎందుకింత నిశ్శబ్దంగా ఉందని ఒక్కసారీ అనుకోలేదు. నా బుర్రకి తెలిసింది ఒకటే, తేటగా ఉంటే మంచి నీళ్ళు. నా చేతులు నరుక్కోవాలనిపించింది.

ఊరుకోలేక మీ పెద్దాఫీసరు దగ్గరికి వెళ్ళాను. బస్సులో పోయి, బల్లమీద కూర్చుని కూర్చుని నడుం పడిపోయింది. సాయంత్రానికి పిలిచాడు. ఉన్నదున్నట్టు చెప్పాను. మీరు ఆ అమ్మాయికి ఏమవుతారని అడిగాడు. మేనమామనన్నాను. అలాగా అని నవ్వి, మేనకోడలి కోసం ఎవరైనా ఏదైనా చెప్తారు, ఇన్‌చార్జి రాసిస్తే చూద్దాం అన్నాడు. నిజం చెప్పడానికి పోతే చుట్టరికం అడ్డొచ్చింది.

ఇక్కడ చూస్తే ఊరంతా సంబరం. షెడ్డు మూతపడింది, వాగు తేటపడింది. మీ మేనకోడలు చివరికి బాగుచేసింది అని నాకు షేక్‌హ్యాండ్ ఇస్తున్నారు. పశువుల్ని తోలుతున్నారు, పిల్లలు దూకుతున్నారు, మీ అత్తయ్య మళ్ళీ గిన్నెలు పట్టుకెళ్తోంది. వద్దంటే వినదు. ఎవరూ వినరు. ఇంత శుభ్రంగా ఉంటే ఏమిటి నీ గోల అంటున్నారు.

నువ్వు రాసెయ్యి. వాల్వు ఎవరు తిప్పారో నా పేరు పెట్టి రాసెయ్యి. ఇది నీ మామయ్య ఆజ్ఞ అనుకో.

మామయ్య

ఆగస్టు 7

మామయ్యా,

రాయను.

నీకు కోపం వస్తుందని తెలుసు. ఆ వాల్వు మీద చెయ్యి వెయ్యడం నేరం. నీ పేరు రాస్తే ఆఫీసు ముందు చేసేది మళ్ళీ శాంపిల్ తియ్యడం కాదు, నీమీద కేసు పెట్టడం. షెడ్డు వదిలి టీకి పోయాడని ఆపరేటర్ ఉద్యోగం పోతుంది. వాడికి చిన్న పిల్లలు. అందుకని, నేను సరిగా చూసుకోకపోవడం వల్ల ఆ రోజు పక్క లైను తెరిచి ఉండిపోయింది అని రాశాను. అయితే తప్పు మీదే అని నాకు మెమో ఇచ్చారు. మీ తప్పుకి మేం మళ్ళీ శాంపిల్ ఎందుకు తియ్యాలి అన్నారు. అటు తిరిగీ ఇటు తిరిగీ అదే గోడ.

ఇంకో దారి అడిగాను. తనిఖీ అయిపోయాక మళ్ళీ రావాలంటే ఊరివాళ్ళ నుంచి కొత్తగా ఫిర్యాదు ఉండాలట. తేట నీళ్ళ మీద ఎవడు ఫిర్యాదు చేస్తాడు? నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

నేను అంత మాట అనాల్సింది కాదు. ఉత్తరాలు రాయి. నిన్ను తిట్టకపోతే నాకు పొద్దు పోదు. అత్తయ్యని ఆ నీళ్ళ దగ్గరికి పోనివ్వకు, కావాలంటే గిన్నెలు దాచెయ్యి. కంచె వచ్చింది. మేకల కన్నా ఎత్తు తక్కువగా వచ్చింది.

నీ అమ్మడు

ఆగస్టు 25

అమ్మడూ,

నా రాత వంకరగా ఉంటే ఏమీ అనుకోకు. చేతులు పగిలాయి, మీ అత్తయ్య నూనె రాస్తూ తిడుతోంది. ఎందుకు పగిలాయో చెప్తాను.

డ్రైవర్ దగ్గర దారిలో చిరిగిన సున్నం బస్తాలు మిగులుతుంటాయి. అవి పారెయ్యకుండా నాకు ఇవ్వమన్నాను. రోజూ పొద్దున్నే సైకిల్ మీద వేసుకుని, వంతెనకి ఎగువన కూర్చుని, బకెట్లో కలిపి వాగులో పోస్తున్నాను. మొదటి రోజు పోసి చూస్తూ నిలబడ్డాను. నువ్వు రాసినట్టే, అద్దంలాంటి నీళ్ళు విరిగి తుప్పు రంగుకి తిరిగాయి. నీ మాట నా కళ్ళతో చూశాను. ఇంత విషం ఇందులో దాక్కునుందా అనుకుని ఇంకో బకెట్ కలిపాను. ఆ రోజు ఆ రంగు చూసి ఒక్క పశువు నీళ్ళు తాగలేదు, ఒక్క పిల్లాడు దూకలేదు. నాకు కావలసిందీ అదే. వాగంతా బాగుచెయ్యడానికి నా బకెట్ ఏ మూలకి?

నాలుగో రోజుకి పట్టుకున్నారు. ఊరికి మంచినీళ్ళు ఇచ్చినవాడివి, నీకిదేం బుద్ధి అని నిలదీశారు. పిచ్చెక్కిందన్నారు. టీ కొట్టువాడు నాకు టీ పొయ్యనన్నాడు. నేను చెప్పిందొక్కటే, మానను, రేపూ పోస్తాను, చేతనైతే పైకి ఫిర్యాదు చేసుకోండి అని. చేశారు. చెయ్యకుండా ఎందుకుంటారు, ఒళ్ళు మండి చేశారు. వాగు నీళ్ళు ఎవరు పాడుచేస్తున్నారో పేరూ ఊరూ ఉద్యోగం అన్నీ వివరంగా రాశారు. ఊరి సంతకాలన్నీ ఉన్నాయి. మీ అత్తయ్య పెట్టనని మొండికేసింది. కట్టుకున్నవాడి మీద ఎలా పెట్టేది అని ఏడ్చింది. కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. తర్వాత గిన్నెలన్నీ అటక మీద పెట్టి వచ్చి, పెన్ను ఇటివ్వండి అంది.

ఫిర్యాదు అందిందట. మీ పెద్దాఫీసరు సోమవారం వస్తున్నాడు. రాకుండా కుదరదు, ఊరు ఊరంతా అడిగింది. అప్పటికి నేను వంతెన మీదే ఉంటాను. నేను సున్నం పొయ్యకముందు ఒక సీసా పట్టమంటాను. పోశాక ఇంకో సీసా పట్టమంటాను. రెండూ తీసుకుపోయి వడగట్టి చూసుకోమంటాను. ఏది తేటగా ఉంది అన్నది వాళ్ళిష్టం, ఏది విషమో కాగితం మీద రాసివ్వమంటాను. వాల్వు సంగతి కూడా ఊరందరి ముందూ చెప్పేస్తాను, తిప్పింది నేను, టీకి పంపిందీ నేనే, ఆ అబ్బాయికి ఏమీ తెలియదని. తర్వాత ఏ స్టేషనుకి తీసుకెళ్తే అక్కడికి వెళ్తాను. మోకాలి నొప్పి మనిషిని నువ్వు వచ్చి చూసుకో.

కానీ సోమవారం మాత్రం దిగి రాకు. నువ్వు పక్కన నిలబడితే, మేనకోడలి కోసం చెప్తున్నాడంటారు.

నీ మామయ్య